సిలికాన్ మీద లేజర్ గీతలు: రిపుల్సా, స్టేజీ గీతలా? చేసి చూసినవాళ్లు చెప్పండి

అనంత_ఫిజిక్స్: అందరికీ నమస్తే. అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల ల్యాబ్‌లో సిలికాన్ వేఫర్ ముక్కల మీద ఫెమ్టోసెకండ్ లేజర్‌తో (అతి చిన్న పల్సులుగా కాంతినిచ్చే లేజర్) స్కాన్ చేయించుకొచ్చాను. 800 నానోమీటర్లు, సెకనుకు వెయ్యి పల్సులు. కొన్నిచోట్ల వెలుతురులో తిప్పితే ఇంద్రధనస్సు రంగులు వస్తున్నాయి, కొన్నిచోట్ల మసి పూసినట్టు నల్లగా ఉంది. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) స్లాట్ ఇప్పట్లో దొరికేలా లేదు, రివ్యూ మాత్రం దగ్గరపడింది. టెన్షన్‌గా ఉంది. ఇవి నిజంగా రిపుల్సేనా (లేజర్ కాంతి వల్ల వాటంతట అవే ఏర్పడే అతి సన్న గీతలు), లేక ముక్కని కదిపే స్టేజీ వల్ల పడ్డ స్కాన్ గీతలా అని ఈలోపు తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

తుంగభద్ర_తీరం (కర్నూలు): తమ్ముడూ, పోలరైజేషన్ (కాంతి అల ఊగే దిశ) ఎటు ఉందో రాసుకున్నావా? అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. సిలికాన్ మీద మామూలుగా వచ్చే రిపుల్స్ పోలరైజేషన్‌కి అడ్డంగా, 90 డిగ్రీల్లో ఉంటాయి. హాఫ్ వేవ్ ప్లేట్‌ని (పోలరైజేషన్ దిశని తిప్పే పలక) 45 డిగ్రీలు తిప్పితే పోలరైజేషన్ 90 డిగ్రీలు తిరుగుతుంది, అప్పుడు కొత్తగా చేసిన చోట గీతలూ తిరగాలి. తిరగలేదంటే అవి స్టేజీ కదిలిన గీతలే. నేనైతే ముక్క వెనకవైపు డైమండ్ స్క్రైబర్‌తో బాణం గుర్తు గీకి పెట్టుకుంటాను. డబ్బాలో ముక్కలు కలిసిపోయినా ఏది ఎటో తెలుస్తుంది.

కడప_మార్కింగ్: మాది కడపలో లేజర్ మార్కింగ్ షాపు. 1064 నానోమీటర్ల ఫైబర్ మెషీన్‌తో స్టీలు మీద నీలం, బంగారు రంగులు తెప్పిస్తాం. ఇదీ అదేనా అన్నా?

తుంగభద్ర_తీరం: కాదు బ్రదర్. మీ స్టీలు మీద రంగు వేడికి ఏర్పడిన ఆక్సైడ్ పొర వల్ల. పక్కకు తిప్పినా నీలం దాదాపు నీలంగానే ఉంటుంది. రిపుల్స్ రంగు అలా కాదు, కొంచెం వంచితే చాలు ఆకుపచ్చ కాస్తా ఎరుపవుతుంది, ఇంకో వైపు నుంచి చూస్తే అసలు ఉండదు. పైగా మార్కింగ్ ఫైబర్ లేజర్లలో చాలావాటికి స్థిరమైన పోలరైజేషన్ ఉండదు, కాబట్టి ఒకే దిశలో చక్కటి గీతలు రావడం కష్టం.

సీమ_సెమీకండక్టర్ అక్క: అసలు సంగతి ఇక్కడ బాగా తెలియాలి, అందుకే కొంచెం పొడవుగా రాస్తున్నాను. 1965లో మిల్టన్ బిర్న్‌బామ్ రూబీ లేజర్‌తో సెమీకండక్టర్ల మీద ఈ గీతల్ని చూశాడు. 1983లో సైప్, ఆయన సహచరులు వీటికి గట్టి సిద్ధాంతం ఇచ్చారు. ఉపరితలం ఎంత నునుపుగా ఉన్నా కొద్దిపాటి గరుకు తప్పదు. దాని మీద చెదిరిన కాంతి ఉపరితలం వెంబడి అలగా పాకి, పైనుంచి పడే కాంతితో కలుస్తుంది. అప్పుడు శక్తి ఒక చోట ఎక్కువ, పక్కనే తక్కువ అందుతుంది. ఎక్కువ అందిన చోట పదార్థం కరిగో, లేచిపోయో గాడి పడుతుంది. ఫెమ్టోసెకండ్ పల్సులో ఇంకో విశేషం ఉంది. ఆ క్షణంలో సిలికాన్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు లేస్తాయంటే, అది కాసేపు లోహంలా ప్రవర్తిస్తుంది. అందుకే గీతల మధ్య దూరం 800కి కొంచెం తక్కువగా, తరచుగా 600 నుంచి 770 నానోమీటర్ల మధ్య వస్తుంది.

ఇక నలుపు. ఒకే చోట పల్సులు ఎక్కువైతే రిపుల్స్ పోయి లోతైన గాడులు, బొడిపెలు వస్తాయి. స్పాట్ (లేజర్ పడే చుక్క) వెడల్పుని పల్సుల రేటుతో గుణించి, స్కాన్ వేగంతో భాగించి చూడు. స్పాట్ 50 మైక్రాన్లు, వేగం సెకనుకు 1 మిల్లీమీటర్ అయితే ఒక్కో చోట సుమారు 50 పల్సులు పడ్డట్టు. వేగం 5 చేస్తే పదే. కానీ ముందు ముక్కని అసిటోన్‌లో, తర్వాత ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) సోనికేట్ చెయ్యి, అంటే అల్ట్రాసౌండ్‌తో కడుగు. నలుపు పోతే అది ఎగిరి పడ్డ పొడి మాత్రమే.

అనంత_ఫిజిక్స్: చాలా థాంక్స్ అక్కా. ఎస్‌ఈఎం లేకుండా దూరం కొలవొచ్చా?

సీమ_సెమీకండక్టర్ అక్క: ఆకుపచ్చ పాయింటర్ (532 నానోమీటర్లు) చాలు. కిరణాన్ని ముక్క మీద నిటారుగా పడనిచ్చి, పక్కన తెల్ల కాగితం నిలబెట్టు. రిపుల్స్ 700 నానోమీటర్ల దగ్గర ఉంటే నిటారు గీత నుంచి 50 డిగ్రీల ప్రాంతంలో చుక్క పడుతుంది. 532ని ఆ కోణం సైన్‌తో భాగిస్తే దూరం వచ్చేస్తుంది. స్కాన్ గీతలైతే మధ్యలో డిగ్రీ, రెండు డిగ్రీల ఎడంతో చుక్కల వరస వస్తుంది, వాటితో కలపొద్దు. సిలికాన్ అద్దంలా కాంతిని తిప్పికొడుతుంది, కంటి ఎత్తులో మాత్రం పెట్టొద్దు నాయనా.

అనంత_ఫిజిక్స్: చేశాను అక్కా! రంగులున్న చోట 48 డిగ్రీల దగ్గర చుక్క స్పష్టంగా పడింది, అంటే సుమారు 716 నానోమీటర్లు. చుక్క పడింది పోలరైజేషన్ దిశలోనే, కాబట్టి గీతలు దానికి అడ్డంగా ఉన్నట్టే. మధ్యలో సన్న చుక్కల వరస కూడా ఉంది, అది స్కాన్‌దే. సోనికేట్ చేశాక నలుపు అంచుల్లో తగ్గింది, మధ్యలో అలాగే ఉంది. అక్కడ చుక్క లేదు, మసక వెలుతురు మాత్రమే. హాఫ్ వేవ్ ప్లేట్ తిప్పి, వేగం పెంచి ఇంకో ముక్క చేయమని హైదరాబాద్‌కి మెసేజ్ పెట్టాను. అది రాగానే కోణం ఇక్కడే రాస్తాను.