సైకిల్‌ను కారు ఢీకొన్నప్పుడు బాధ్యత ఎవరిది? పరిహారం విషయమై సందేహం

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా చిన్నాన్న గారు తాపీ మేస్త్రి, వయసు 48 సంవత్సరాలు. పోయిన వారం తెల్లవారుజామున తెనాలి దగ్గర సైకిల్ మీద పనికి వెళుతుండగా వెనక నుంచి వచ్చిన కారు ఆయనను ఢీకొన్నది. కుడికాలు మోకాలి కింద విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. కారు నడిపిన వ్యక్తి పారిపోకుండా తానే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు, అందుకు మాకు కృతజ్ఞత ఉన్నది. అయితే ఇప్పుడు ఆయన తరఫు పెద్దమనుషులు వచ్చి, "మీ వాడే చేయి చూపకుండా కుడివైపుకు తిరిగాడు, సైకిల్‌కు వెనక రిఫ్లెక్టర్ కూడా లేదు, కాబట్టి తప్పు మీదే. అయినా మానవత్వంతో ఇరవై వేలు ఇస్తాము, ఇక ఏ కేసూ పెట్టబోమని రాసి ఇవ్వండి" అంటున్నారు. రాసి ఇవ్వకపోతే కారుకు జరిగిన నష్టం మా దగ్గరే వసూలు చేస్తామని కూడా అన్నారు. మా బంధువులేమో పెద్ద బండిదే తప్పని చట్టంలోనే ఉన్నదని, భయపడవలసిన పని లేదని చెబుతున్నారు. ఈ రెండింటిలో ఏది నిజమో, మేము ఇప్పుడు ఏమి చేయాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (న్యాయవాద వృత్తిలో ఉన్న సభ్యుడు)

ముందుగా ఒక్క మాట. ఆ కాగితం మీద మీ చిన్నాన్న గారి చేత గాని, పిన్ని గారి చేత గాని సంతకం పెట్టించవద్దు, వేలిముద్ర అసలే వేయించవద్దు. అటువంటి కాగితం వల్ల పోలీసు కేసు దానంతట అది రద్దయిపోదు గాని, రేపు మోటారు ప్రమాదాల పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్‌లో పరిహారం అడిగినప్పుడు అవతలి వకీలు మొట్టమొదట చూపేది దానినే.

ఇక మీ ప్రశ్నకు వస్తే, పెద్ద బండిదే ఎప్పుడూ తప్పు అనే సూత్రం మన చట్టంలో లేదు. చేయి చూపకుండా తిరిగినవాడికి పైసా కూడా రాదు అనే సూత్రమూ లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం గాయపడినవారికి రెండు దారులు చూపుతున్నది. 166వ సెక్షన్ కింద వెళితే కారు నడిపిన వ్యక్తి నిర్లక్ష్యాన్ని మనము చూపవలసి ఉంటుంది, జరిగిన నష్టాన్ని బట్టి పరిహారం లెక్కకడతారు, దానికి పై హద్దు లేదు. 164వ సెక్షన్ కింద వెళితే తప్పు ఎవరిదన్న చర్చే ఉండదు. మోటారు వాహనం వల్ల మరణం సంభవిస్తే 5 లక్షలు, తీవ్రమైన గాయమైతే రెండున్నర లక్షలు కారు యజమాని లేదా బీమా కంపెనీ చెల్లించవలసినదే. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రమైన గాయమే. కనుక తప్పంతా మీ చిన్నాన్న గారిదేనని ఒక్క క్షణం అనుకున్నా కూడా, వారు దయతో ఇస్తామంటున్న ఇరవై వేలకు ఎన్నో రెట్లు ఆయనకు హక్కుగా రావలసి ఉన్నది. అయితే 164 కింద డబ్బు పుచ్చుకుంటే 166 కింద వేసిన దరఖాస్తు రద్దయిపోతుంది, కాబట్టి ఏ దారిన వెళ్ళాలో తొందరపడకుండా తేల్చుకోవాలి.

మీరు చెప్పినదానిని బట్టి నేనైతే 166 వైపే మొగ్గుతాను. ఒక లెక్క చూడండి. ఆయన నెలకు 15,000 సంపాదిస్తున్నారని, కాలు కారణంగా సంపాదించే శక్తి శాశ్వతంగా 20 శాతం తగ్గిందని అనుకుందాము. 46 నుంచి 50 ఏళ్ళ లోపు వారికి 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం 13. ఏడాది ఆదాయం 1,80,000ను 13తో హెచ్చవేసి అందులో 20 శాతం తీస్తే 4,68,000 అవుతుంది. వైద్య ఖర్చులు, పని లేక ఇంట్లో ఉన్న నెలల ఆదాయం, అనుభవించిన బాధకు ఇచ్చే మొత్తం దీనికి అదనం. ఆయన వైపు కూడా నాలుగో వంతు తప్పున్నదని ట్రిబ్యునల్ తేల్చినా, ఆ 4,68,000లో 3,51,000 మిగులుతుంది. మన చట్టంలో సైకిల్ తొక్కేవారి పొరపాటుకు ఉన్న ఫలితం ఇదే. వారి వాటా మేరకు పరిహారం తగ్గుతుందే తప్ప హక్కు మొత్తం తుడిచిపెట్టుకుపోదు.

ఆ 20 శాతమన్నది కూడా డాక్టరు ఇచ్చే అంకె ఒక్కదాని మీదనే ఆధారపడదు. వైద్యపరమైన వైకల్యం వేరు, బతుకుతెరువుకు కలిగిన నష్టం వేరు అని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాకు కాలు కొంచెం పట్టేసినా జీతం ఆగదు. పరంజా ఎక్కి గోడ కట్టే మేస్త్రికి, గొంతుక్కూర్చుని గచ్చు చేసే మేస్త్రికి అదే కాలు సగం పనిని దూరం చేయవచ్చు. ఈ సంగతి ట్రిబ్యునల్ ముందు వివరంగా చెప్పించాలి. ఆయనకు భవన నిర్మాణ కార్మికుల గుర్తింపు కార్డు ఉంటే వెతికి పెట్టండి. పని ఇచ్చే కాంట్రాక్టరు వచ్చి రోజుకూలి ఎంతో చెబితే ఇంకా మంచిది.

ప్రశ్న అడిగినవారు

మీ వివరణకు ధన్యవాదాలండి, మాకు చాలా ధైర్యం కలిగింది. అయితే కారు వెనక నుంచి గుద్దిందని, మా చిన్నాన్న గారు కుడివైపుకు తిరగనే లేదని నిరూపించడం ఎలా? ఆ సమయంలో దారిలో ఎవరూ లేరు.

సమాధానం (అదే న్యాయవాది)

ఇక్కడ సాక్షి సైకిలే. దయచేసి దానిని బాగుచేయించవద్దు, పాత ఇనుము కింద అమ్మవద్దు. పోలీసులు స్వాధీనం చేసుకుని ఉంటే అక్కడే అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. తిన్నగా పోతున్న సైకిల్‌ను వెనక నుంచి గుద్దితే వెనక మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోతుంది, క్యారియర్ ముందుకు వంగుతుంది, వెనక రిమ్ము వంకర పోతుంది, ముందు చక్రం చాలావరకు బాగానే ఉంటుంది. అడ్డంగా తిరిగిన సైకిల్‌ను గుద్దితే దెబ్బ పక్కనుంచి పడుతుంది, పెడలు, క్రాంకు, మధ్య ఫ్రేము దెబ్బతింటాయి. కారు బంపరు ఏ మూల పగిలిందో కూడా దీనికి జతపడాలి. ఎడమ అంచున పోతున్న సైకిల్‌ను తగిలితే సాధారణంగా కారు ఎడమ మూల పగులుతుంది. మోటారు వాహనాల తనిఖీ అధికారి ఇచ్చే నివేదికలో ఈ వివరాలన్నీ ఉంటాయి, దాని నకలు తప్పక తీసుకోండి.

రెండవది ఆసుపత్రి రికార్డు. కేసుల గొడవ ఎందుకని కొందరు అత్యవసర విభాగంలో "సైకిల్ మీద నుంచి జారి పడ్డాడు" అని చెబుతారు. ఆ ఒక్క వాక్యం మొదటి చీటీలో పడితే తరువాత దానిని సరిచేయడం ఎంతో కష్టం. మీ చిన్నాన్న గారిని చేర్చినది కారు నడిపిన వ్యక్తే కాబట్టి ఆయన అక్కడ ఏమని చెప్పారో, మెడికో లీగల్ కేసుగా (అంటే ఆసుపత్రివారు పోలీసులకు తెలియజేయవలసిన గాయం కేసుగా) నమోదు అయిందో లేదో ఈ రోజే వెళ్ళి చూడండి.

మూడవది సీసీ కెమెరాలు. దారిలో పెట్రోలు బంకులు, దుకాణాలు ఏవి ఉన్నా వాటి రికార్డింగు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. దానిని భద్రపరచమని స్టేషన్‌లో రాతపూర్వకంగా కోరండి, దుకాణం యజమానికి కూడా ఒక లేఖ ఇవ్వండి.

ట్రిబ్యునల్‌లో క్రిమినల్ కేసు స్థాయిలో అనుమానానికి తావు లేని రుజువు చూపనవసరం లేదు. ఏది ఎక్కువ సంభవమో దానినే చూస్తారని 2009లో బిమలా దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కనుక కంటితో చూసినవారు లేరని దిగులు పడవద్దు.

హైదరాబాద్ నుంచి ఒక సభ్యుడు

నేను రోజూ కారు నడిపేవాడిని, కాబట్టి అవతలి పక్షపు మాట కూడా చెప్పనివ్వండి. రాత్రిపూట దీపం లేకుండా, రాంగ్ రూటులో ఎదురుగా వచ్చే సైకిళ్ళను చూసి గుండె ఆగినంత పని అవుతుంది. అన్ని నియమాలూ పాటించిన కారు యజమానిని కూడా బాధ్యుడిని చేయడం న్యాయమేనా? రిఫ్లెక్టర్ లేకపోవడం సైకిల్‌వారి తప్పు కాదా?

సమాధానం (న్యాయవాది)

మీ ఆందోళన సమంజసమైనదే. రాంగ్ రూటులో చీకట్లో ఎదురు వచ్చి గుద్దుకున్నట్లయితే ఆ తప్పే ప్రమాదానికి కారణం, అప్పుడు సైకిల్‌వారి వాటా పెద్దదిగానే లెక్కిస్తారు. అయితే నియమాన్ని ఉల్లంఘించడం వేరు, ఆ ఉల్లంఘన వల్లనే ప్రమాదం జరగడం వేరు. ఒకే మోటారు సైకిల్ మీద ముగ్గురు ప్రయాణించిన కేసులో, ముగ్గురు ఎక్కినంత మాత్రాన పరిహారం కోయకూడదని, అది ప్రమాదానికి దోహదపడినట్లు చూపాలని 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిఫ్లెక్టర్‌కు కూడా ఇదే కొలత వర్తిస్తుంది. ఆ చోట వీధిదీపం వెలుగుతూ ఉంటే, కారు హెడ్‌లైట్లు సరిగా ఉంటే, రిఫ్లెక్టర్ లేకపోయినా మనిషి కనబడతాడు. అందుచేత ప్రశ్న అడిగినవారు అదే వేళకు ఆ చోటికి వెళ్ళి వెలుతురు ఎంత ఉన్నదో ఫోటో తీసి, దగ్గరలోని కరెంటు స్తంభం నంబరు రాసుకోవడం మంచిది.

అంతేకాక, పాదచారులు, సైకిల్ తొక్కేవారు, పిల్లలు, వృద్ధుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త వహించాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వాహనం నడిపేవారికే చెబుతున్నాయి. ముందు పోయే వాహనం హఠాత్తుగా ఆగినా తగలనంత దూరం పాటించవలసిన బాధ్యత కూడా వెనక వచ్చేవారిదే. నా వరకు నేను దీనిని న్యాయమైన ఏర్పాటుగానే భావిస్తున్నాను. సైకిల్ తొక్కే మనిషి పొరపాటు చేస్తే సాధారణంగా విరిగేది ఆయన ఎముకే, కారు నడిపే మనిషి పొరపాటు చేసినా విరిగేది ఆ సైకిల్ తొక్కే మనిషి ఎముకే.

నెదర్లాండ్స్‌లో ఉంటున్న సభ్యురాలు

నేను ఐండ్‌హోవన్‌లో ఉంటున్నాను. పెద్ద బండిదే బాధ్యత అని మీ బంధువులు అన్నమాట మీ దగ్గర చట్టం కాకపోయినా ఇక్కడ దాదాపు చట్టమే. 1994 నాటి రోడ్డు రవాణా చట్టంలోని 185వ అధికరణం ప్రకారం, కారు సైకిల్‌నో పాదచారినో ఢీకొంటే, ఎంత జాగ్రత్తగా ఉన్నా తప్పించలేని పరిస్థితి అని నిరూపించుకోవలసిన భారం కారు యజమానిదే. అది నిరూపించలేకపోతే, పెద్దవారైన సైకిలిస్టు తప్పు ఉన్నా కనీసం సగం నష్టం కారు తరఫున చెల్లించాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలైతే, వారు కావాలని చేశారని, లేదా అంతటి తెగింపుతో ప్రవర్తించారని తేలితే తప్ప, మొత్తం నష్టం చెల్లించవలసిందే. దీనికి అర్థం కారు నడిపినవారు నేరస్థులని కాదు. శిక్ష విషయాన్ని వేరుగా చూస్తారు, ఇది కేవలం నష్టం ఎవరు భరించాలన్న ఏర్పాటు. మా ఇంటి ఎదుటి వీధిలో బడి పిల్లలు గుంపులుగా సైకిళ్ళ మీద పోతుంటారు. కూడలి దగ్గర కార్లవారు వేగం తగ్గించి, వారి ముఖాలు చూసి మరీ కదులుతారు. ఈ చట్టం వల్లనే అంతా జరిగిందని నేను అనను, విడిగా వేసిన సైకిల్ దారులు కూడా కారణమే. అయినా బాధ్యతను ముందుగానే ఒకరి మీద పెట్టడం సరైనదని నా నమ్మకం.

సమాధానం (న్యాయవాది)

చాలా ఉపయోగకరమైన సమాచారమమ్మా. మన 164వ సెక్షన్‌లోనూ ఉన్నది ఇదే ఆలోచన, కాకపోతే మొత్తాన్ని స్థిరంగా ఉంచారు. ప్రమాదకరమైన వస్తువును రోడ్డు మీదకు తెచ్చినవారు తప్పు లేకపోయినా బాధ్యత వహించాలనే సూత్రాన్ని 2001లో కౌసనుమా బేగం కేసులో మన సుప్రీంకోర్టు కూడా మోటారు ప్రమాదాలకు వర్తింపజేసింది.

విజయవాడ నుంచి ఒక సభ్యురాలు

మా తమ్ముడిది బ్యాటరీ సైకిల్. అది సైకిల్ కిందకు వస్తుందా, మోటారు వాహనం కిందకు వస్తుందా?

సమాధానం (న్యాయవాది)

మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటే, తగిన ధ్రువీకరణ ఉన్నంతవరకు అది మోటారు వాహనం కాదు. అంతకు మించినదైతే రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రికి వెళ్ళి చూశాను. "కారు ఢీకొని గాయం" అనే రాసి ఉన్నది, మెడికో లీగల్ కేసుగా కూడా నమోదైంది. ఎఫ్ఐఆర్ నకలు అందింది. సైకిల్ స్టేషన్‌లో ఉన్నది, వెనక చక్రమే బాగా వంగింది. ఇక రెండు సందేహాలు మిగిలాయి. కారు నష్టం మా దగ్గర వసూలు చేస్తామన్నారు కదా, అది సాధ్యమేనా? కేసు ఎక్కడ, ఎప్పటిలోగా వేయాలి?

సమాధానం (న్యాయవాది)

వెనక చక్రం వంగడం మీకు ఎంతో బలమైన ఆధారం. కారు నష్టం కావాలంటే వారు మీ చిన్నాన్న గారి నిర్లక్ష్యాన్ని నిరూపిస్తూ విడిగా సివిల్ దావా వేసుకోవలసి ఉంటుంది. నోటితో బెదిరించినంత మాత్రాన మీరు ఏమీ ఇవ్వనక్కరలేదు. వారికి సమగ్ర బీమా ఉంటే ఆ మరమ్మతు వారి కంపెనీయే చూసుకుంటుంది. నిజానికి పాడైన సైకిల్ ఖరీదు కూడా మీరే వారి వైపు నుంచి అడగవచ్చు.

166 కింద దరఖాస్తు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల లోపల వేయాలి. ప్రమాదం జరిగిన చోట గాని, మీ చిన్నాన్న గారు నివసించే చోట గాని, కారు యజమాని ఉండే చోట గాని అధికారం ఉన్న ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. పోలీసులు 48 గంటల్లో ప్రాథమిక నివేదికను, 90 రోజుల్లో సవివర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపవలసి ఉన్నది. ఆ నివేదికనే దరఖాస్తుగా స్వీకరించే వీలు కూడా చట్టంలో ఉన్నది. అయినా దాని మీదే ఆధారపడి కూర్చోకుండా మీ దరఖాస్తు మీరు వేసుకోండి. ఫీజు భరించలేని పరిస్థితి అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, అర్హత ఉంటే వకీలును వారే ఏర్పాటు చేస్తారు. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే వెళ్ళవచ్చు గాని, అక్కడ ఒప్పుకున్న మొత్తమే ఆఖరు, దాని మీద అప్పీలు ఉండదు. అందుచేత కాలు పూర్తిగా కుదురుకుని, మెడికల్ బోర్డు వైకల్య ధ్రువపత్రం ఇచ్చేంతవరకు అంకె ఒప్పుకోవద్దు. మందుల చీటీలు, అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితాలు, ఆసుపత్రికి తిరిగిన ఆటో ఖర్చుల వివరం అన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టి ఉంచండి.