ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి గోడలో కుళాయి లేని సింకు ఏంటి?

తార్నాక_పాప:
మా అక్క వాళ్ళు సఫోక్ సైడ్ ఉంటారు, పోయిన నెల వెళ్ళినప్పుడు పక్క ఊళ్ళో పాత చర్చికి తీసుకెళ్ళింది, పదిహేనో శతాబ్దంది అంట. లోపల ఒక్క మనిషి లేడు, చలి మాత్రం కోల్డ్ స్టోరేజే. బలిపీఠానికి కుడిపక్క గోడలో చిన్న గూడు, అందులో రాతి గిన్నె, మధ్యలో చిల్లు, కుళాయి లేదు పైపు లేదు. పక్కనే గోడలోనే తొలిచిన మూడు సీట్లు, ఒకదానికంటే ఒకటి కిందకి. ఇంకా వింత ఏంటంటే గోడలోపల ఇరుకు మెట్లు పైకెళ్ళి ఒక ద్వారం దగ్గర ఆగిపోయాయి, అక్కణ్ణుంచి అడుగేస్తే గాల్లోకే! అక్కని అడిగితే గూగుల్ చేసుకో అంది. మన సికింద్రాబాద్ చర్చిల్లో ఇవేవీ చూసిన గుర్తు లేదు. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

బొల్లారం_మాస్టారు:
ఆ గిన్నెని పిసీనా అంటారమ్మా. పూజలో ఫాదర్ చేతులు కడుక్కున్న నీళ్ళు, పాత్ర కడిగిన నీళ్ళు అందులో పోసేవాళ్ళు. ద్రాక్షరసం క్రీస్తు రక్తమైందని నమ్మకం కదా, మరి ఆ నీళ్ళని మురిక్కాలవలో పోయలేరు, అందుకే గోడ గుండా చర్చి స్థలంలోని మట్టిలోకే ఇంకేలా పెట్టారు. మూడు సీట్లు సెడీలియా, ఫాదర్‌కి, పూజలో ఆయనకి సాయం చేసే డీకన్‌కి, సబ్‌డీకన్‌కి, ఎత్తు సీటు ఫాదర్‌ది. జనానికి చాలాకాలం సీట్లే లేవు, నిలబడటమో మోకాళ్ళమీదో, ముసలోళ్ళకి గోడవారన రాతి అరుగు ఉంటే ఉన్నట్టు. బెంచీలు బాగా వచ్చింది పదిహేనో శతాబ్దంలోనే. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ కట్టింది 1813లో, అప్పటికి ఇంగ్లండ్‌ ప్రొటెస్టంట్ అయి ఈ పద్ధతులు పోయి రెండున్నర శతాబ్దాలు, ఇక్కడెందుకుంటాయి.

మల్కాజ్‌గిరి_మల్లన్న:
ఇది సదువుతుంటే మన గుళ్ళ సోమసూత్రం యాదికొచ్చింది సార్, అభిషేకం నీళ్ళు బయటికి పొయ్యేది, దాన్ని దాటొద్దంటరు గదా. మరి గర్భగుడి లెక్క జనం లోపలికి పోకుండ అక్కడ గూడ అడ్డం ఉంటుండెనా?

బొల్లారం_మాస్టారు:
ఉండేది, పాప అడిగిన మెట్ల కథ కూడా అదే. జనం ఉండే భాగానికీ బలిపీఠం వైపుకీ మధ్యలో చెక్కడాల చెక్క అడ్డు, రూడ్ స్క్రీన్ అంటారు. దానిమీద అటక, అక్కడ పెద్ద సిలువ, అటూ ఇటూ మరియమ్మ, యోహాను బొమ్మలు. ఆ అటక ఎక్కడానికే మెట్లు. అడ్డుకి అవతల, బలిపీఠం వైపు, రిపేర్ ఖర్చు రెక్టర్‌ది, అంటే చర్చి ఆదాయం మీద హక్కున్నాయనది, ఇవతలది ఊరోళ్ళది, సఫోక్‌లో ఉన్ని వ్యాపారం డబ్బు దండిగా ఉండేది కాబట్టి వాళ్ళ వైపు ఎంత గొప్పగా కట్టుకున్నారో అక్కడి లావెన్‌హామ్ ఊరి చర్చి చూస్తే తెలుస్తుంది. 1547లో ఆరో ఎడ్వర్డ్ గద్దెనెక్కాక బొమ్మలు తీసేయించారు, 1561లో ఎలిజబెత్ అటకలు కూడా దించమంది. చెక్క పోయింది, గోడలో మెట్లు మిగిలాయి.

సఫోక్‌లోనే వెన్‌హాస్టన్ అని ఊరుంది, అక్కడ చెక్క పలకల మీద అంతిమ తీర్పు బొమ్మకి సున్నం కొట్టేశారు. 1892లో రిపేర్లప్పుడు పనికిరాని చెక్కలని బయట పడేస్తే రాత్రి వానకి సున్నం కరిగి దయ్యాలూ దేవదూతలూ బయటపడ్డారు! ఇప్పుడు మళ్ళీ లోపలే పెట్టారు.

మల్కాజ్‌గిరి_మల్లన్న:
వాన పడకుంటే పొయ్యిల కట్టెలైతుండె 😄

తార్నాక_పాప:
మాస్టారూ ఆ మెట్లు సగం ఎక్కా, హ్యాండ్‌బ్యాగ్ ఇరుక్కుని వెనక్కే దిగాల్సొచ్చింది. ఆ చెక్క అడ్డు కింది సగం ఇంకా ఉంది, పలకల మీద మనుషుల ముఖాలు ఒక్కటే గీకేశారు, బట్టల మీద బంగారు పూలు అలాగే ఉన్నాయి. అదీ ఆ టైమ్‌దేనా?

బొల్లారం_మాస్టారు:
ఆ గొడవల్లోదే అయ్యుంటుంది. ముఖాలు పోయినా అది ఏ పునీతుల బొమ్మో చేతిలో ఏముందో చూస్తే చెప్పొచ్చు, చక్రం అయితే కేథరీన్, ఇనప కడ్డీల మంచం లాంటిదైతే లారెన్స్, తాళంచెవులైతే పేతురు. ఫోటో ఉందా?

తార్నాక_పాప:
తాళంచెవులు ఉన్నాయ్!! ఫోటోలు అక్క ఫోన్‌లో ఉన్నాయి, పంపించగానే పెడతా.