సమస్యాపూరణం: "పంట కన్న మిన్న వర్తకమ్ము"

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఎప్పుడూ పురాణాలేనా అని ఫిర్యాదులు వస్తున్నాయి కాబట్టి ఈసారి హనోయ్ దాకా వెళ్దాం. సమస్య ఇదిగో:

పంట కన్న మిన్న వర్తకమ్ము

ఆటవెలది చివరి పాదం. వస్తువు వియత్నాం ఆర్థిక వ్యవస్థ. పండినదానికంటే బేరం ఎక్కువ ఎలా అవుతుందన్నదే చిక్కుముడి. ఇది నేను అల్లిన వింత కాదు. 2024లో ఆ దేశం జీడీపీ, అంటే ఏడాదిలో అక్కడ పండిన విలువంతా, సుమారు 47,600 కోట్ల డాలర్లు. అదే ఏడు ఎగుమతులు 40,500 కోట్ల డాలర్లు, దిగుమతులు 38,000 కోట్లకు పైనే. రెండూ కలిపి చూసుకోండి, ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. పద్యంలో ఆ ముడి విప్పాలి, ఊరికే దేశం పేరు ఇరికిస్తే ఒప్పుకోను. యతి తప్పితే కరివేపాకు గారు ఎలాగూ వదలరు.

లెక్కల మాస్టారు:
బోణీ నాదే.

కొరియ చిప్పు, చైన కొసరు భాగము లంది
మరలు బిగియఁ జేసి మరల నంపె
వెల సమస్త మెక్కె వియతునామను పేర
పంట కన్న మిన్న వర్తకమ్ము

శాంసంగ్ 2009 నుంచి ఉత్తర వియత్నాంలోని బాక్ నిన్‌లో ఫోన్లు చేస్తోంది. విడిభాగాలు వచ్చినప్పుడు దిగుమతి లెక్కలో పూర్తి ధర పడుతుంది. ఫోనుగా మారి పోయినప్పుడు ఎగుమతి లెక్కలో మళ్లీ పూర్తి ధర పడుతుంది. జీడీపీలోకి మాత్రం మధ్యలో అక్కడ చేరిన విలువే వెళ్తుంది. అందుకే బేరం పంటను మించింది.

కరివేపాకు:
మాస్టారూ, "మరలు, మరల" యమకం అలవోకగా పడింది. యతులు నాలుగూ శుభ్రం. చైనాను "చైన" చేశారు, సరే, గణం కోసం కడుపు మాడ్చుకున్నారనుకుంటాను. నా అభ్యంతరం ఒక్కటే. మీ వివరణ చదవకపోతే మూడో పాదానికీ నాలుగో పాదానికీ లంకె తెలియదు. "వెల సమస్త మెక్కె" అన్నారు. ఎందులో ఎక్కింది? ఏ చిట్టాలో? ఆ మాట పద్యంలోనే ఉండాలి.

కాకినాడ రేవు:
ఒక సందేహం నిర్వాహకుడు గారూ. ఎగుమతి ఒక్కటే తీసుకుంటే 40,500, జీడీపీ కంటే తక్కువే కదా. అమ్మినదానికి కొన్నదాన్ని కూడా కలిపితేనే మీ సమస్య నిలబడుతోంది. ఇది కొంచెం గారడీ కాదా?

నిర్వాహకుడు:
వర్తకం అంటే అమ్మకం, కొనుగోలు రెండూ కదండీ. ప్రపంచమంతా వాణిజ్య నిష్పత్తి కట్టేది అలాగే. అయినా గారడీ లేనిదే సమస్య ఎక్కడిది?

కొత్త కలం:
పద్యం రాయడం మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. పెద్దలు తప్పులుంటే చెప్పండి.

నాడు బియ్య మడిగి నలుదెసల దిరిగె
నేడు బియ్య మమ్మి గెలిచె జగతి
మూడు కార్లు పండు ముచ్చటౌ మడులుండ
పంట కన్న మిన్న వర్తకమ్ము

కరివేపాకు:
కలం గారూ, రండి రండి. మొదటి పాదం చక్కగా నడిచింది. రెండో పాదంలో "నే"కి "గె" యతి చెల్లదు. "గెలిచె" తీసేసి "నెగ్గె" పెట్టండి, "నేడు బియ్య మమ్మి నెగ్గె జగతి". గణం కూడా కుదురుతుంది.

కాకినాడ రేవు:
యతి సంగతి సరే, అన్వయం సంగతేంటి? 1989లో వియత్నాం బియ్యం ఎగుమతిలోకి దిగడం నిజంగానే పెద్ద కథ. 1986లో మార్కెట్‌కు తలుపులు తెరిచిన డొయ్ మొయ్ సంస్కరణలు, ఆ తర్వాత పొలం సాగు రైతు కుటుంబం చేతికి రావడం, అందుకోసమే పద్యం రాయాలి. మెకాంగ్ డెల్టాలో మూడు కార్లూ, అంటే ఏడాదికి మూడు పంటలూ, నిజమే. కానీ 2024లో బయటికి వెళ్లిన బియ్యం 90 లక్షల టన్నులు. పండిన ధాన్యం 4 కోట్ల టన్నులకు పైన. బియ్యంగా లెక్కకట్టినా పంటే సుమారు మూడు రెట్లు పెద్దది. మీ పద్యం సమస్యకు ఎదురు సాక్ష్యం చెబుతోంది! ఇంకో మాట, 2023 జూలైలో మన దేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపగానే వాళ్ల బియ్యం రేటు ఎగిరింది. మా రేవులో దిగాలు, అక్కడ పండగ. ఆ కోణం పట్టుకుంటే పద్యం పండేది.

కొత్త కలం:
"నెగ్గె" దిద్దుకున్నాను. బియ్యం వదిలేసి ఇంకోటి ప్రయత్నిస్తానండి.

కాఫీ కప్పు:
బియ్యం కాకపోతే కాఫీ తీసుకోండి.

కాపు తగ్గె, మూట కఱవయ్యె, ధరయేమొ
నింగి నంట డబ్బు నిండె నింట
కాఫి తోటవాని కడగండ్లలో గూడ
పంట కన్న మిన్న వర్తకమ్ము

2024లో ఎగుమతి అయిన కాఫీ బరువు బాగా తగ్గింది. రాబడి మాత్రం మొదటిసారి 500 కోట్ల డాలర్లు దాటింది. మధ్య వియత్నాం ఎత్తుప్రాంతాల్లో కరువు, పైగా తోటలు పీకి చైనా కోసం డ్యురియన్ పండ్ల చెట్లు వేసినవాళ్లు ఎందరో. కిలో గింజలు లక్ష డాంగ్‌లు (అక్కడి కరెన్సీ) దాటి అమ్ముడుపోయాయి.

కరివేపాకు:
"మిన్న"ను బరువు మీద నుంచి విలువ మీదకు తిప్పారు. తెలివైన పూరణ. "ధరయేమొ"లో "ఏమొ" ఖాళీ నింపడానికి వచ్చిందే.

లెక్కల మాస్టారు:
"డబ్బు నిండె నింట" దగ్గర నాకు నమ్మకం కుదరట్లేదు. ఎవరి ఇంట? కోత అక్టోబరు నుంచి జనవరి దాకా. రేటు ఆకాశానికి వెళ్లింది ఆ తర్వాతే ఎక్కువ. ముందే అమ్ముకున్న రైతు చూస్తూ ఉండిపోయాడు. ఎగుమతిదారుల్లో కొందరు తక్కువ ధరకు మాట ఇచ్చేసి, సరుకు దొరక్క ఎక్కువ పెట్టి కొనాల్సి వచ్చింది. గింజలు దాచుకోగలిగినవాడే గెలిచాడు. రెండో పాదంలో ఆ మనిషిని చూపించి ఉంటే పద్యానికి పదును వచ్చేది.

సూదీదారం:
నేను బట్టల మిల్లులో ఆర్డర్లు చూసే ఉద్యోగిని. ఈ లెక్కలు రోజూ కళ్ల ముందే ఉంటాయి. ఒక వియత్నాం కుట్టుపనామె మాటగా చదవండి.

గుడ్డ చైన దయ్యె, గుండీలు కొరియావి
కుట్టు కూలె మనది, కోటు కాదు
లెక్కలోన కోటె లెస్సగా నెక్కెరా
పంట కన్న మిన్న వర్తకమ్ము

కరివేపాకు:
"కుట్టు కూలె మనది, కోటు కాదు". ఇంత తేలిక మాటల్లో అదనపు విలువ అంటే ఏంటో చెప్పేశారమ్మా! మాస్టారి పద్యంలో లేని చిట్టా ఇక్కడ "లెక్కలోన" అంటూ దొరికింది. "లెస్సగా" కాస్త బరువు తక్కువ మాట, అంతే. "చైన" మాత్రం ఇక్కడ ఆచారంగా మారేలా ఉంది.

కాకినాడ రేవు:
పద్యానికి వంక పెట్టను గానీ ఒక కొసరు. ఆ కోటు యూరప్‌కు వెళ్లేదైతే గుడ్డ చైనాది కావడం నష్టమే. యూరప్‌తో వియత్నాం చేసుకుని 2020 ఆగస్టులో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం ప్రకారం, సుంకం రాయితీ కావాలంటే గుడ్డ వియత్నాంలోనో యూరప్‌లోనో నేసి ఉండాలి. కొరియా గుడ్డకు మినహాయింపు ఉంది. కాబట్టి గుడ్డ కొరియాది, గుండీలు చైనావి చేస్తే ఆమెకు రాయితీ కూడా దక్కుతుంది!

సూదీదారం:
నిజమే సార్, మా దగ్గర కూడా అందరికీ టెన్షన్ గుడ్డ ఎక్కడిదో చెప్పే సర్టిఫికెట్ గురించే. కానీ ఇప్పుడు తారుమారు చేయబుద్ధి కావట్లేదు. ఈ కోటు అమెరికాకు పంపేశాననుకోండి.

కొత్త కలం:
అమెరికా అన్నారు కాబట్టి నా రెండో ప్రయత్నం.

నలువదారు పన్ను నడివీధి చాటించి
ఇరువదికిని దిగియె నింతలోనె
అమ్ముకొనెడి వాని కమెరికా భయమాయె
పంట కన్న మిన్న వర్తకమ్ము

కరివేపాకు:
యతి ఒక్కచోటా తప్పలేదు. మొదటి పద్యానికీ దీనికీ పోలికే లేదు. "దిగియె" అన్నది ఎవరు? కర్త కనబడడు. అది వ్యంగ్యానికి పనికొస్తోంది కాబట్టి వదిలేస్తున్నా.

లెక్కల మాస్టారు:
అన్వయం గట్టిది. వియత్నాం సరుకు మీద అమెరికా సుంకం 2025 ఏప్రిల్‌లో 46 శాతం అన్నారు, జూలైకి 20 అయింది. వియత్నాం ఎగుమతుల్లో దాదాపు 30 శాతం ఒక్క అమెరికాకే పోతాయి. బేరం పంటను మించిన ఇంట్లో ఒక్క కొనుగోలుదారు దగ్గితే చాలు, అందరికీ జ్వరం. ఆ జూలై ప్రకటనలో ఇంకో మెలిక కూడా పెట్టారు. వేరే దేశం సరుకును వియత్నాం మీదుగా తోసేస్తే సుంకం 40 శాతం అన్నారు. అప్పుడు నా పద్యంలో మరలు బిగించిన ఫోను ఎవరిది? తేల్చేది ఎవరు?

నిర్వాహకుడు:
తేల్చేది మాత్రం మనం కాదు. నా వరకు ఈ విడత సూదీదారం గారిది. ముడి విప్పడంలో మాస్టారు ముందున్నారు, కానీ ఆయన పద్యానికి వ్యాఖ్యానం కావాలి, ఈమె పద్యానికి అక్కర్లేదు. వియత్నాం ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీలవే. ఆ సంగతి పేరెత్తకుండానే "కోటు కాదు" అన్న రెండు మాటల్లో ఇమిడిపోయింది. కొత్త కలం గారి రెండో పద్యానికి ప్రత్యేక ప్రశంస.

వచ్చే వారానికి కూడా అక్కడే ఉందాం. ఇదీ ఆటవెలది పాదమే:

కోటి చేత నున్న కూలివాడె

కోటి డాంగ్‌లంటే సుమారు 400 డాలర్లు. 2024లో అక్కడ కార్మికుడి సగటు నెలజీతం 77 లక్షల డాంగ్‌ల దగ్గర ఉంది. సున్నాలు లెక్కపెట్టుకుని మరీ రాయండి.