"ఏకబిగిన చదివేశాను" అంటే ఏం చెప్పినట్టు?

తెనాలి మాస్టారు:

ప్రతి ఆదివారం "ఇప్పుడేం చదువుతున్నారు?" అని అడుగుతున్నాం కదా. నిన్న తీరిక దొరికి పాత జవాబులన్నీ ఒకసారి తిరగేశాను. ఒకటే మాట పదేపదే కనబడింది: "ఏకబిగిన చదివేశాను". నవలకూ అదే, ఆత్మకథకూ అదే, ఆఖరికి ఓ కవితా సంపుటికీ అదే. కవిత్వాన్ని ఏకబిగిన చదవడమేమిటండీ!

మాట మీద నాకేం కోపం లేదు. మంచి మాట. ఏక సంస్కృతం, బిగి తెలుగు. ఇలాంటి కలగలుపు సమాసాలకు చాదస్తులు మొహం చిట్లిస్తారు గానీ జనం నోట్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. బిగి అంటే సడలనితనం. ముడి బిగించడం, ఊపిరి బిగపట్టడం, నరం బిగుసుకోవడం, అన్నీ ఆ కుదురువే. ఒకసారి బిగించి పట్టుకున్నది చివరిదాకా వదలకపోవడం ఏకబిగి. అంతవరకు బాగానే ఉంది. కానీ అది పుస్తకం మీద అభిప్రాయం ఎలా అవుతుంది? రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లారుజామున నాలుగింటికి ముగించాను అంటే మీకు నిద్ర పట్టలేదని తెలిసింది. పుస్తకంలో ఏముందో తెలియలేదు.

అందుకని రెండు ప్రశ్నలు. మీ వైపు ఈ మాటకు బదులు ఏమంటారు? ఆగి ఆగి చదివిన పుస్తకాన్ని మెచ్చుకోవాలంటే మనకు మాట ఉందా?

ఓరుగల్లు అమ్మాయి:

మాస్టారూ, మా దిక్కు "ఒక్క దమ్ముల చదివిన" అంటారు. దమ్ము అంటే ఊపిరి, ఉర్దూ నుంచి వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతుంటే "జర దమ్ము తీస్కో" అంటాం కదా, అదే. మీ కోస్తాలో "ఒక్క గుక్కలో" అని కూడా అంటారు. గుక్కెడు నీళ్ల గుక్కా ఉంది, పిల్లలు గుక్కపట్టి ఏడ్చే గుక్కా ఉంది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు అన్నప్పుడు అది ఊపిరే. మీరు చెప్పిన ఊపిరి బిగపట్టడాన్ని కూడా కలుపుకుంటే, చదువును మనవాళ్లు ఊపిరితో కొలిచారనిపిస్తోంది. గట్టిగా పైకి చదివే అలవాటున్న రోజుల్లో అలా కొలవడం సహజమే కదా. పద్యం సగంలో ఊపిరి తెగితే అర్థమూ తెగుతుంది.

ఇక నా సంగతి. నేనిప్పుడు దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" చదువుతున్నా. పెద్ద పుస్తకమేం కాదు, మీ లెక్క ప్రకారం ఒక్క దమ్ముకే అయిపోవాలి. కాలేదు. "ఆడబాప" అన్న మాట దగ్గర ఆగిపోయా. దొరల బిడ్డ అత్తారింటికి పోతుంటే సారె సామానుతో పాటు ఒక దాసీ పిల్లను కూడా పంపేవారు. జీవితాంతం ఆ గడిలో చాకిరి, పెళ్లి లేదు, దొర పిలిస్తే కాదనే వీలు లేదు. ఆమెను ఆడబాప అనేవారు. ఈ మాట మా అమ్మమ్మను అడిగితే అర్థం చెప్పింది గానీ, చెప్పేముందు చుట్టూ చూసింది. డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి సంగతికి ఇంకా గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఆ పూట ఇంక పేజీ తిప్పలేకపోయా. ఆగిపోవడం పుస్తకం తప్పు కాదు కదా మాస్టారూ.

సీమ కుర్రోడు:

మా ఇంట్లో "ఏకటాకీన" అంటారు. "ఏకటాకీన నాలుగు గంటలు కూచుని చదివినాడు" అని మా జేజినాయన అనేవాడు. చదువుకే కాదు, వానకు, నడకకు, తిట్లకు కూడా. ఇంకోటి ఏకధాటిగా. సంస్కృతంలో ధాటి అంటే దండెత్తిపోవడం. ఎండ ధాటికి తట్టుకోలేక అంటాం కదా, ఆ ధాటే. కాబట్టి ఏకధాటిగా చదివినవాడు పుస్తకం మీదకు దండయాత్ర చేసినట్టు లెక్క.

అయితే అన్నా, ఏకబిగిన చదవడాన్ని మరీ అంత చిన్నచూపు చూడొద్దు. అలా చదవడానికే రాసిన పుస్తకాలున్నాయి. కొవ్వలి లక్ష్మీనరసింహరావు గారు వెయ్యి నవలలు రాశారు. చిన్న చిన్న పుస్తకాలు, రైళ్లలో తెగ అమ్ముడుపోయేవి. బెజవాడలో ఎక్కినవాడు రాజమండ్రిలో దిగేలోపు కథ అయిపోవాలి, లేకపోతే కొన్న డబ్బులు దండగ. ఆ పుస్తకానికి "ఏకబిగిన చదివాను" కంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? దాన్నీ మహాకావ్యాన్నీ ఒకే త్రాసులో తూచకూడదని మీరంటే ఒప్పుకుంటా. రైలు నవల కాబట్టి తక్కువ అంటే మాత్రం ఒప్పుకోను.

బైండింగ్ బాబాయి:

నా కాలంలో ఏకబిగిన చదవాలన్నా కుదిరేది కాదు నాయనా. పుస్తకంగా రాకముందే సీరియల్‌గా వచ్చేది. వారానికి నాలుగు పేజీలు, కథ మంచి పట్టులో ఉండగా అడుగున ఒక మాట: సశేషం. శేషంతో కూడినది అని అర్థం. నాకు తెలిసి తెలుగువాళ్లను అంత టెన్షన్ పెట్టిన మాట ఇంకోటి లేదు. ఆంధ్రభూమి వీక్లీలో "తులసిదళం" వస్తున్నప్పుడు ఇంట్లో పత్రిక ముందు ఎవరి చేతికి రావాలన్న దాని మీద గొడవలయ్యేవి.

సీరియల్ అయిపోయాక ఆ పేజీలన్నీ జాగ్రత్తగా చింపి, వరుసగా పేర్చి బైండ్ చేయించేవాళ్లం. కాలికో గుడ్డ అంటించిన అట్ట, వీపు మీద చేత్తో రాసిన పేరు. ఇప్పటికీ నా బీరువాలో అలాంటివి ఉన్నాయి. తిప్పుతుంటే కథ పక్కనే సగం తెగిన జోకు, తలనూనె ప్రకటన, పాఠకుల ఉత్తరాల్లో ఒకటిన్నర ఉత్తరం. ఒక వారం పేజీ ఎవరో అప్పు తీసుకుని ఇవ్వలేదు, అక్కడ తెల్లకాగితం పెట్టి కుట్టించాను. ఆ కథలో ఆ వారం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ ఊహే.

సశేషంలో ఒక సుఖం ఉండేది. మధ్యలో ఆరు రోజులు కథ మనదే. వాడు దూకాడా, ఆమె ఉత్తరం చదివిందా అని పక్కింటివాళ్లతో వాదించుకునేవాళ్లం. ఇప్పుడు మీరు రాత్రికి రాత్రి ముగించి పొద్దున్నే నక్షత్రాలిస్తున్నారు. వాదించుకునే టైమ్ ఏదీ?

డల్లాస్ నుంచి:

నేను చదవడం తగ్గించి వినడం మొదలుపెట్టాను. ఆఫీసుకు పోయేటప్పుడు కార్లో, స్పీడు ఒకటిన్నర పెట్టుకుని. అది "చదివాను" అనాలా "విన్నాను" అనాలా అని ఒకసారి ఇక్కడే తిట్లు తిన్నా. పురాణ కాలక్షేపంలో ఒకరు చదివితే ఊరంతా వినేవారు కదా, వాళ్లెవరినీ "నువ్వు చదవలేదు పో" అని ఎవరూ అనలేదు. ఒకటిన్నర స్పీడులో పోతన పద్యం వినొద్దని మాత్రం నేనే చెబుతున్నా.

ఇజీనారం పంతులమ్మ:

అందరూ ఏకబిగి మీద పడ్డారు గానీ అసలు సంగతి ఆ పక్క మాటలో ఉందర్రా. "చదివాను" అనకుండా "చదివేశాను" అంటున్నారు చూడండి. అంట్లు తోమేశాను, బిల్లు కట్టేశాను, పిల్లల్ని స్కూలుకి పంపేశాను. ఆ "వేయు" చేరితే ఆ పని మన నెత్తిన దిగిపోయిందన్న ధ్వని వస్తుంది. జాబితాలో ఇంకోటి కొట్టేశాం. పుస్తకం పక్కన అది వినబడితే నాకు చిరాకు. ఈ ఏడాది ఇన్ని చదివేశాను అని లెక్కలు పెడతారు చూడండి, అక్కడ బాగా తెలుస్తుంది.

దానికి ఎదురుగా "చదువుకున్నాను" ఉంది. ఈ "కొను" తనకోసం చేసే పనికి వస్తుంది. వండింది వేరు, వండుకుంది వేరు. రాసింది వేరు, రాసుకుంది వేరు. చదువుకున్నవాడు అంటే డిగ్రీ ఉన్నవాడని స్థిరపడిపోయింది కాబట్టి నవల పక్కన మనం దాన్ని పెద్దగా వాడం. అయినా ఎవరైనా "ఆ కథ మళ్లీ తీసి చదువుకున్నాను" అంటే నేను పుస్తకం పేరు వెంటనే రాసుకుంటాను. వాళ్లు నన్ను చదవమని చెప్పకపోయినా సరే.

తెనాలి మాస్టారు:

అమ్మా, వేయు గురించి మీరు చెప్పింది సగం ఒప్పుకుంటాను. మిగతా సగం వినండి. ఏడ్చేశాను, నవ్వేశాను, నోరు జారి చెప్పేశాను. ఇక్కడ నెత్తిన భారం దిగిన ధ్వని ఏముంది? ఏడుపు ఆపుకోలేకపోయాను అని అర్థం. పని మన చేతిలో లేకుండా జరిగిపోయింది. కాబట్టి "చదివేశాను"లో రెండు ఉన్నాయి. "హమ్మయ్య, అయిపోయింది" ఒకటి, "ఆపుకోలేకపోయాను" ఇంకోటి. నిన్న నేను వెక్కిరించినవాళ్లలో రెండోరకం వాళ్లు చాలామంది ఉండే ఉంటారు. రాతలో గొంతు వినబడదు కాబట్టి ఏది ఏదో తెలియదు. పక్కన ఒక్క వాక్యం ఎక్కువ రాస్తే తెలుస్తుంది, ఎక్కడ ఆపుకోలేకపోయారో.

సమీక్షల్లో "చదివించే గుణం ఉంది" అని రాస్తుంటారు. అది మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. ఏ పుస్తకానికైనా అతుకుతుంది. పెళ్లి చదివింపుల్లో "వధువు మేనమామ గారు, నూటపదహార్లు" అన్నట్టే ఉంటుంది, కవరు విప్పి చూసినవాడు లేడు.

ఓరుగల్లు అమ్మాయి:

మాస్టారు మొదట అడిగిన రెండో ప్రశ్నకు జవాబు మా ఊళ్లోనే ఉంది. కాకతి ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు రాసిన అలంకారశాస్త్రం, "ప్రతాపరుద్రీయం". ఆయన రోజులకే కవిత్వాన్ని పాకాలుగా చెప్పుకునేవారు. రసం లోపలా బయటా మెరుస్తుంటే ద్రాక్షాపాకం, లోపల దాగి ఉంటే నారికేళపాకం. మధ్యలో తొక్క ఒలిస్తే చాలనే కదళీపాకాన్ని కూడా చెబుతారు. ఇందులో నాకు నచ్చింది, కొబ్బరికాయ పగలగొట్టాల్సి వచ్చిందని ఎవరూ దాన్ని తక్కువ చేయలేదు. ఎంతసేపు పట్టింది అన్నది కూడా కావ్యం గురించి చెప్పే మాటే అయింది, పాఠకుడి ఓపిక గురించి కాదు.

"అంపశయ్య" ఏ పాకం అంటారు? ఉస్మానియాలో చదివే రవి అనే కుర్రాడి ఒక్కరోజు కథ. 1969లో వచ్చింది. కథాకాలం ఒక్కరోజే కాబట్టి ఏకబిగిన చదివితే కథా చదువూ ఒకే వేగంతో పోతాయని మొదలుపెట్టా. పొద్దున ఆ అబ్బాయి మంచం దిగేలోపే వాడి బుర్రలో తిరిగేవాటితో నా బుర్ర నిండిపోయింది. నారికేళమే. కానీ పగిలాక నీళ్లు బాగున్నాయి.

సీమ కుర్రోడు:

అక్కా, నారికేళపాకం అని సమీక్షలో రాస్తే జనం పుస్తకం కొనరు. "మెల్లగా చదవండి" అని రాస్తే కొంటారేమో.

బైండింగ్ బాబాయి:

పారాయణం అన్న మాట మర్చిపోయారు అందరూ. పారం అంటే అవతలి ఒడ్డు. అక్కడిదాకా చేరడం పారాయణం. భాగవతానికి సప్తాహం, అంటే ఏడు రోజులు. సుందరకాండలో 68 సర్గలు, రోజుకు ఇన్ని అని పంచుకుని చదివేవాళ్లున్నారు, ఒక్కరోజులో ముగించేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ పారాయణమే. త్వరగా అవతలి ఒడ్డుకు చేరినవాడికి పుణ్యం ఎక్కువని నేనైతే వినలేదు.

ఇజీనారం పంతులమ్మ:

బాబాయి గారూ, దణ్ణం. నిరుడు నాకు సగంలో నచ్చని పుస్తకం మీద ఇక్కడే పెద్ద పోస్టు పెట్టాను, మొన్న ముగించాక నచ్చింది. పోస్టు మార్చనా ఉంచనా అని ఆలోచిస్తున్నా. అభిప్రాయాలు అప్పుడప్పుడు మార్చకపోతే పొలిటీషియన్ కాలేడని మా ఊరి గిరీశం ఎప్పుడో తేల్చేశాడు కాబట్టి మార్చేస్తా.

డల్లాస్ నుంచి:

ఇప్పుడు "మార్చేస్తా"లో వేయు ఏ రకం మేడమ్? హమ్మయ్యా, ఆపుకోలేకా?

ఇజీనారం పంతులమ్మ:

రెండూ.

తెనాలి మాస్టారు:

సరే. వచ్చే ఆదివారం నుంచి "ఏకబిగిన" రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు. పక్కన ఒక్కటి చేర్చండి: ఏ పేజీలో ఒక్క నిమిషం ఆగారో. ఎక్కడా ఆగకపోతే ఆగలేదనే రాయండి, అదీ సమాచారమే.

ఇంతకీ "వేయిపడగలు" పెట్టుకున్నవాళ్లు ఎక్కడిదాకా వచ్చారు? విశ్వనాథ వారు ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకుంటూ 29 రోజుల్లో పూర్తి చేశారని చెప్పుకుంటారు. మనం సంక్రాంతికి మొదలుపెట్టాం, ఉగాది వెళ్లిపోయింది. నేను అరుంధతి దగ్గర ఉన్నాను. మిగతావాళ్లు చేతులెత్తండి.