మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్లకి మైగ్రేన్ వస్తే ఏ మాత్ర?

ప్రశ్న (కవిటి)
అమ్మకి 52 ఏళ్లు. కీళ్లవాతానికి ప్రతి మంగళవారం మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., శుక్రవారం ఫోలిక్ యాసిడ్ 5, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 వేస్తున్నాం. పార్శ్వపు నొప్పి నెలకి ఐదారుసార్లు వస్తోంది. వచ్చినప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ గారు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేస్తున్నారు, గంటలో తగ్గుతోంది. మొన్న కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది. ఇలాగే చేయించొచ్చా అండీ?

జవాబు 1 (ఫార్మసిస్టు, పలాస)
వద్దండీ, ఆ ఇంజెక్షన్ ఆపించండి. ఆ వయసు ఆడవాళ్లకి 1.4 అంటే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 45 దగ్గర. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది మూత్రంలోనే. డైక్లోఫెనాక్ కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది, దాంతో మందు ఒంట్లో నిలిచిపోయి నోటిపూత, తెల్లకణాలు పడిపోవడం మొదలవుతాయి. కిడ్నీలు బాగున్నవాళ్లకి డాక్టర్లు ఈ రెండూ కలిపి ఇస్తారు, నిజమే. కానీ మనది ఉద్దానం. బీపీ, షుగరు లేనివాళ్లకీ ఇక్కడ క్రియాటినిన్ చప్పుడు లేకుండా పెరుగుతుంది.

నొప్పి మొదలవగానే పారాసిటమాల్ 650 వేయండి. దానికి లొంగకపోతే సుమాట్రిప్టాన్ 50 గురించి డాక్టరుని అడగండి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే అది పనికిరాదు. తగ్గి మళ్లీ వస్తేనే రెండో మాత్ర, అదీ రెండు గంటలు ఆగాక. మొదటిది అసలు పనిచెయ్యకపోతే ఆ పూటకి రెండోది దండగ. నెలలో పది రోజులు దాటితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది.

మైగ్రేన్ అనగానే షాపులో నాప్రోక్సెన్, డోమ్‌పెరిడోన్ కలిపిన మాత్ర చేతిలో పెడతారు. తీసుకోకండి. నాప్రోక్సెన్ది డైక్లోఫెనాక్ జాతే. డోమ్‌పెరిడోనేమో హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

జవాబు 2 (డాక్టరు, విజయనగరం)
నెలకి ఐదారంటే రాకుండా ఆపే మందు కావాలి. ఆస్తమా లేకపోతే ప్రొప్రనొలాల్ 20 రెండుపూటలా మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం, ఫలితం చూడ్డానికి రెండు నెలలైనా ఇవ్వాలి. ఇలాగే నొప్పి రాకుండా ఇచ్చే టోపిరమేట్‌కి కిడ్నీలో రాళ్ల బెడద ఉంది, ఈవిడకి నేనైతే రాయను.

ఇంకోటి, మూత్రంలో మంటకి సెప్ట్రాన్ రకం మాత్రలు మెథోట్రెక్సేట్‌తో అస్సలు కలవకూడదు. డైక్లోఫెనాక్ కన్నా ఇది ప్రమాదం, రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చీటీ చూపించండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ కంటి రెటీనాని దెబ్బతీయొచ్చు, కిడ్నీ పనితీరు తగ్గితే ఆ ముప్పు ఎక్కువ, కాబట్టి రెటీనా పరీక్ష కూడా ఏటా చేయించాలి.

ప్రశ్న అడిగినవారు
మరి ఈ మంగళవారం మాత్ర వేయాలా అండీ?

జవాబు 2 (డాక్టరు, విజయనగరం)
వేయకండి. క్రియాటినిన్, సీబీసీ (రక్తకణాల లెక్క), ఎస్‌జీపీటీ (లివరు పరీక్ష) మళ్లీ చేయించి, రాసిన డాక్టరుకి చూపించండి, డోసు తగ్గించాల్సి రావచ్చు. ఒక వారం తప్పినంత మాత్రాన కీళ్లకేమీ కాదు. ఈలోపు జ్వరం, పొడిదగ్గు, ఆయాసం, నోట్లో పుండ్లు వస్తే రిపోర్టు కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.