ఊరి నీటి లెక్కలు తీస్తున్నం, బోరులో మట్టం ఎట్లా కొలవాలె?

పరకాల దిక్కు ఒక ఊర్ల, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల నీళ్ల పనులు పెట్టించనీకి మహిళా సంఘాలు, రైతులు కలిసి లెక్కలు తీస్తున్నం. బాయిలతోని తిప్పలు లేదు. పొద్దుగాల మోటర్ పెట్టకముందే బరువు కట్టిన టేపు వదిలి, వచ్చిన లోతుల నుంచి బాయి చుట్టు గోడ ఎత్తు తీసేస్తే నేల నుంచి మట్టం వస్తది. మే ఆఖరుకు ఒకసారి, నవంబర్‌ల ఒకసారి. మోటర్ నడిచినంక కొలిస్తే ఆ అంకె దండుగ, నీళ్లు మళ్ల ఊరేదాక ఆగాలె.

చిక్కంతా బోర్లతోనే. కేసింగ్‌ల, అంటే బోరుకు దింపిన పెద్ద గొట్టంల, మోటర్ పైపు, కేబుల్, తాడు ఉండంగ టేపు పోయి వాటికే చుట్టుకుంటది. పక్కపొంటి సన్న పీవీసీ పైపు దింపి అండ్లకెల్లి కొలిచినోళ్లు ఉన్నరా? కింది కొసకు బొక్కలు ఎంత పొడుగు కొట్టిన్రు?

ఇంకొకటి నల్లాలు. 20 లీటర్ల బకెట్ 40 సెకన్లకు నిండితే నిమిషానికి 30 లీటర్లు. మిషన్ భగీరథ లెక్క పల్లెల మనిషికి రోజుకు 100 లీటర్లు గనక, ఐదుగురున్న ఇంటికి అదే ధారతోని 17 నిమిషాలన్న రావాలె. ట్యాంకు దగ్గరి ఇండ్లే కొలిస్తే ఊరంతా సల్లగున్నట్టే కనబడతది. అందుకే ప్రతి లైన్‌ల మొదటి ఇల్లు, నడిమి ఇల్లు, ఆఖరు ఇల్లు పట్టుకున్నం. పక్క తండాను విడిగ లెక్కగట్టాలెనా, కలిపితే సగటుల దాని కరువు మునిగిపోతదా?

గ్రామసభల ఈ అంకెలను తీర్మానంల ఎక్కించినోళ్లు, ఏ రూపంల ఇచ్చిన్రో చెప్పున్రి.