ఫిగ్మాలో డ్రాప్‌డౌన్ మెనూ: మౌస్ కిందికి దించగానే మాయమవుతోంది, మీరెలా చేస్తున్నారు?

తుమ్మెద
ఒక తెలుగు సాహిత్య పత్రిక వెబ్‌సైటుకు ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోటోటైప్ (నొక్కి చూడగలిగే నమూనా) చేస్తున్నాను. పైన పట్టీలో ఏడు మాటలు: ముఖపుట, కథలు, కవితలు, వ్యాసాలు, ధారావాహికలు, పాత సంచికలు, సంప్రదించండి. ‘కథలు’ మీద మౌస్ ఉంచితే కింద పెట్టె తెరుచుకుని అందులో ఉపవిభాగాలు కనిపించాలి. పెట్టెను విడి ఫ్రేమ్‌గా గీసి, ‘వైల్ హోవరింగ్’ ట్రిగ్గర్‌తో ఓవర్లేగా, అంటే తెర మీద తేలే పొరగా, తెరిచాను. తెరుచుకోవడం చక్కగానే తెరుచుకుంటోంది. లోపలి మాటను నొక్కుదామని మౌస్ దించితే చాలు, పెట్టె ఉండదు. ఎల్లుండి సంపాదకులకు చూపించాలి. రాత్రి రెండు గంటలదాకా ఇదే పని.

నీలి పెన్సిల్
తప్పు మీది కాదు. ‘వైల్ హోవరింగ్’ అంటే మౌస్ ఆ మాట మీద ఉన్నంతసేపు మాత్రమే అని. కిందికి దిగారంటే ఆ మాటను వదిలేసినట్టే, ఓవర్లే మూసుకుపోతుంది. మాటకూ పెట్టెకూ మధ్య అందం కోసం ఎనిమిది పిక్సెళ్ల ఖాళీ కూడా వదిలి ఉంటారు. అది ఇంకో గొయ్యి.

ఓవర్లేను మరచిపోండి. ‘కథలు’ అనే మాటను కాంపోనెంట్ (మళ్లీ మళ్లీ వాడుకునే భాగం) చేసి, రెండు వేరియంట్లు (రూపాలు) పెట్టండి: మూసినది, తెరిచినది. తెరిచిన దాని ఫ్రేమ్‌లోపలే మాట, ఖాళీ, పెట్టె మూడూ ఉండాలి. మూసిన దానికి ‘మౌస్ ఎంటర్’ ఇచ్చి తెరిచిన దానికి ‘ఛేంజ్ టు’, తెరిచిన దానికి ‘మౌస్ లీవ్’ ఇచ్చి మూసిన దానికి ‘ఛేంజ్ టు’. అప్పుడు మౌస్ ఖాళీ మీద ఉన్నా అదే ఫ్రేమ్‌లో ఉన్నట్టు లెక్క.

తుమ్మెద
చేశాను. పెట్టె నిలబడుతోంది, చాలా థాంక్స్. కాని ఇప్పుడు రెండు కొత్త బాధలు. పెట్టె తెరవగానే పట్టీ మొత్తం కిందికి సాగుతోంది. పైగా పెట్టె మీదికి కింది బ్యానర్ బొమ్మ వచ్చి కప్పేస్తోంది.

నీలి పెన్సిల్
పట్టీ ఆటో లేఅవుట్‌లో (లోపలివాటిని దానంతట అదే వరుసగా సర్దే అమరిక) ఉండి, ఎత్తు ‘హగ్’ (లోపలిదానికి సరిపడా) అని ఉంటే లోపలిది పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. ఎత్తును 64 అనో 72 అనో స్థిరం చేయండి, మాటలను పైఅంచుకు సర్దండి, ‘క్లిప్ కంటెంట్’ (ఫ్రేమ్ దాటినదాన్ని కోసేసేది) తీసేయండి. బ్యానర్ సంగతి లేయర్ల వరుసలో ఉంది. లేయర్ల జాబితాలో పట్టీ అన్నిటికంటే పైన ఉండాలి. పేజీ మొత్తం ఒకే ఆటో లేఅవుట్ అయితే వరుస మార్చినప్పుడు పట్టీ అడుగుకు పోతుంది కదా, దానికి ‘కాన్వాస్ స్టాకింగ్’ అనే అమరిక ఉంది, మొదటిది పైన ఉండేలా మార్చుకోండి.

పిక్సెల్ పంతులు
నీలి పెన్సిల్ గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ‘మౌస్ లీవ్’ పక్కనే ఆలస్యం నింపే గడి ఉంటుంది. అక్కడ 300 మిల్లీసెకన్లు పెట్టి చూడండి. చేయి కాస్త అంచు దాటినా పెట్టె వెంటనే మొహం చాటేయదు. అమెజాన్ సైటులో ఎడమ పక్క విభాగాల మెనూ ఒకప్పుడు దీనికే పేరు పొందింది. మౌస్ ఉన్న చోటు నుంచి ఉపమెనూ రెండు మూలలకు ఒక త్రిభుజం ఊహించుకుని, ఆ త్రిభుజంలో ఐమూలగా వెళ్తున్నంతసేపు ఉపమెనూను మార్చకుండా ఉంచేవారు. ఫిగ్మాలో ఆ త్రిభుజం మనవల్ల కాదు. ఆలస్యంతో సరిపెట్టుకుని, త్రిభుజం సంగతి కోడ్ రాసేవారికి చీటీలో రాసి ఇవ్వాలి.

కావలి కాలువ
నాదొక అడ్డు ప్రశ్న. అసలు మౌస్ ఆనిస్తే తెరుచుకోవడం ఎందుకు? నొక్కితే తెరుచుకునేలా చేస్తే ఈ గొడవంతా ఉండదు కదా. నేను ఒక ప్రభుత్వ కార్యాలయం సైటుకు పని చేసినప్పుడు మూడు అంతస్తుల హోవర్ మెనూ అడిగారు. దరఖాస్తు పత్రం మూడో అంతస్తులో ఉంది. అక్కడికి చేరడం సూదిలో దారం ఎక్కించడంలా ఉండేది. పరీక్షకు పిలిచిన పెద్దాయన ఒకరు నాలుగుసార్లు జారిపోయి, మౌస్ బల్ల మీద పెట్టేసి, ‘బాబూ, ఆ కాగితం ఇటివ్వు’ అన్నారు. మరుసటి రోజు నుంచి నేను హోవర్ మానేశాను.

పిక్సెల్ పంతులు
పూర్తిగా మానేయనక్కర్లేదు కాలువ గారూ. పెద్ద తెరమీద మౌస్‌తో పనిచేసేవారికి ఒక్క అంతస్తు హోవర్ మెనూ వేగంగానే ఉంటుంది. అయితే 2018లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2.1లో, 1.4.13 అనే నియమం దీని గురించే ఉంది. హోవర్‌తో వచ్చినదాన్ని మౌస్ కదపకుండానే మూసేయగలగాలి, దాని మీదికి మౌస్ తీసుకెళ్లగలగాలి, మనం వదిలేవరకు అది దానంతట అది పోకూడదు. తుమ్మెద గారి మొదటి మెనూ రెండో షరతు దగ్గరే పడిపోయింది.

కావలి కాలువ
నియమం మంచిదే. నేను మాత్రం నొక్కుడు పక్షమే.

గుండ్రని ర
అందరూ మౌస్ గురించే మాట్లాడుతున్నారు. నాకు తెలుగు మాటల గురించి బాధ. ఇంగ్లిష్ మెనూలో ఉన్న పేజీని పెద్దక్షరాలతోనో, బోల్డ్‌తోనో, అడుగు గీతతోనో చూపిస్తారు. మనకు పెద్దక్షరాలు లేవు. మండలి ఖతి (ఫాంట్) తీసుకుంటే అందులో ఒక్కటే మందం, బోల్డ్ లేదు. అడుగు గీత పెడితే ‘సంప్రదించండి’లో ‘ప్ర’ కింది క్రావడిని కోసుకుంటూ పోతుంది, ‘వార్తలు’ అయితే త వత్తు మీదుగా. చదివేవాడికి అది గీతో వత్తో తెలియదు.

నేను చేసేది: అక్షరాల అడుగు గీతను వాడను. మాటను ఒక ఫ్రేమ్‌లో పెట్టి, అడుగున ఎనిమిది పిక్సెళ్ల ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇచ్చి, ఫ్రేమ్ కింది అంచుకు మాత్రం రెండు పిక్సెళ్ల గీత వేస్తాను. వత్తులు హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి. మందాలు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు ఉన్నాయి. కాని మౌస్ ఆనినప్పుడు బోల్డ్ చేయకండి. మాట వెడల్పు పెరిగి పక్కమాటలన్నీ జరుగుతాయి, మెనూ మొత్తం వణికినట్టు కనిపిస్తుంది. రంగు మార్చండి చాలు.

ఇంకొకటి. లైన్ హైట్ (వరుస ఎత్తు) 100 శాతం పెట్టి, ఆ ఫ్రేమ్‌కు ‘క్లిప్ కంటెంట్’ ఉంచితే పైన గుడులు, కింద వత్తులు తెగిపోతాయి. నేను ఒక అచ్చు పత్రిక డిజిటల్ పేజీలో ఆరు వారాలు ‘స్త్రీ’ని కాళ్లు లేకుండా నడిపించాను, ఎవరూ చెప్పలేదు. 150 శాతానికి తక్కువ పెట్టకండి.

తుమ్మెద
గుండ్రని ర గారూ, ఈ మాట ఎక్కడా చదవలేదు. ఇప్పుడే చూశాను, నా ‘ధారావాహికలు’ 120 వెడల్పు స్థిర గడిలో రెండు ముక్కలైంది. దాన్ని ‘హగ్’ చేశాను. కాని 1440 పిక్సెళ్ల వెడల్పు తెరమీద పట్టింది, 1280లో ‘సంప్రదించండి’ బయటికి పోతోంది.

గుండ్రని ర
‘సంప్రదించండి’ మెనూలో ఎందుకు? పేజీ అడుగున పెట్టండి. ఏడు ఆరవుతాయి. మెనూ తగ్గించడానికి ఫిగ్మా అక్కర్లేదు, సంపాదకుడిని ఒప్పిస్తే చాలు. రెండోదే కష్టం.

రెండో ఝాము
తీగల సంగతి, అంటే ఏది నొక్కితే ఏ తెరకు వెళ్లాలో కలిపే గీతల సంగతి, ఎవరూ చెప్పలేదు. ఎనిమిది తెరలు, ప్రతి తెరలో ఎనిమిది మాటలు, అరవై దాటి నీలి తీగలు. నా మొదటి ఫైలు సాలెగూడులా ఉండేది. మెనూ అసలు కాంపోనెంట్‌కే ‘నావిగేట్ టు’ కలిపితే దాని నకళ్లన్నిటికీ అవే తీగలు వస్తాయి. కాని అసలు కాంపోనెంట్ ఫిగ్మా ఫైలులో వేరే పేజీలో ఉంటే కుదరదు, ఎందుకంటే తీగ ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లదు. తెరలున్న పేజీలోనే ఒక మూల పెట్టుకోండి. దీనికి నేను ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

పట్టీ పైన అంటుకుని ఉండాలంటే స్క్రోల్ అమరికలో ‘ఫిక్స్‌డ్’. బ్యానర్ పైకి పోయాక అంటుకోవాలంటే ‘స్టికీ’.

ఒక తెరలో మెనూ తెరిచి ఇంకో తెరకు వెళ్తే అక్కడ కూడా తెరిచే ఉంటోందా? ‘నావిగేట్ టు’లో ‘స్టేట్ మేనేజ్‌మెంట్’ కింద ‘రీసెట్ కాంపోనెంట్ స్టేట్’ నొక్కండి.

కావలి కాలువ
ఫోనులో ఎలా చేస్తారు తుమ్మెద గారూ? మూడు గీతల గుర్తా?

తుమ్మెద
అవును. ఎడమ నుంచి జారి వచ్చే సొరుగు.

పిక్సెల్ పంతులు
అక్కడ మాత్రం ఓవర్లేనే సరైనది. స్థానం ఎడమ పైన, ‘మూవ్ ఇన్’, వెనక నలుపు 40 శాతం, బయట నొక్కితే మూసుకునే గడిలో టిక్కు. ఉపవిభాగాలకు మళ్లీ కాంపోనెంట్లే, ఆటో లేఅవుట్ కాబట్టి ఒకటి తెరుచుకుంటే మిగతావి వాటంతట అవే కిందికి జరుగుతాయి. మూడు గీతలు ఇంటూ గుర్తుగా మారాలంటే ‘స్మార్ట్ యానిమేట్’, కాని రెండు వేరియంట్లలోనూ గీతల లేయర్ పేర్లు ఒకటే ఉండాలి. పేరు తేడా వస్తే గీత తిరగదు, కరిగిపోయి మళ్లీ పుడుతుంది. 200 మిల్లీసెకన్లు దాటనివ్వకండి.

ఆ మూడు గీతల గుర్తు 1981 నాటిది, జెరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీశారు. అయినా కొందరు చదువరులకు అది ఇప్పటికీ గీతలే. పక్కన ‘మెనూ’ అని రాయండి, చోటు ఉంది.

తుమ్మెద
చూపించి వచ్చాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

హోవర్ పెట్టె, 300 మిల్లీసెకన్లు, అన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. సంపాదకులు లింకు తెరిచింది ట్యాబ్లెట్‌లో. ఆయన ఇంట్లో కంప్యూటరే లేదట. వేలితో ‘కథలు’ నొక్కారు. ‘మౌస్ ఎంటర్’ కోసం ఎదురుచూస్తూ నా మెనూ అలాగే కూర్చుంది. ఆయన ఇంకోసారి నొక్కి, ‘ఇది బొమ్మా?’ అని అడిగారు.

కాలువ గారూ, మీరు నవ్వుకోవచ్చు. అక్కడే కూర్చుని ‘మౌస్ ఎంటర్’ తీసేసి ‘ఆన్ క్లిక్’ పెట్టాను, పది నిమిషాలు పట్టింది. తర్వాత ఆయన ‘పాత సంచికలు’ తెరిచి చాలాసేపు చూస్తూ ఉన్నారు. మెనూ గురించి ఒక్క మాటా అనలేదు, 1987 సంచిక ఎక్కడుందని అడిగారు.

కావలి కాలువ
నవ్వడం లేదు. కాస్త మాత్రమే.

రెండో ఝాము
1987 ఎక్కడుందో ఆయనకు చెప్పారా?

తుమ్మెద
పెట్టెలో పదేళ్లకొక మాట పెట్టాను: 1980లు, 1990లు అలా. నొక్కితే ఏళ్లు. ఇంకో అంతస్తు వచ్చేసింది, నాకే నచ్చడం లేదు. ఏళ్లను మెనూలోంచి తీసి ‘పాత సంచికలు’ పేజీలోనే గడులుగా వేద్దామనుకుంటున్నాను. ఎవరైనా అలా చేసి ఉంటే, వేలికి అందడానికి ఒక్కో గడి కనీసం ఎంత పెట్టారు?

పిక్సెల్ పంతులు
ఆపిల్ 44 పాయింట్లు అంటుంది, ఆండ్రాయిడ్‌కు గూగుల్ 48 అంటుంది. మీ సంపాదకులకు 56 పెట్టండి.